ముత్తాతగారి సైనిక సేవ వివరాలు ఎక్కడ వెతకాలి? ఒకరు బర్మా నుంచి వచ్చారు, ఒకరు బస్రా నుంచి రాలేదు

ప్రశ్న: తణుకు ప్రాంతం నుంచి ఒక మునిమనవరాలు

పెద్దలకు నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తణుకు దగ్గరి పల్లె. నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తాను. మా కుటుంబంలో ఇద్దరు సైన్యానికి వెళ్ళారు గాని, వారి సేవకు సంబంధించిన కాగితం ముక్క కూడా మా ఇంట్లో మిగలలేదు. కిందటేడాది మా మామ్మ కాలం చేసింది. ఆ కథలన్నీ పూర్తిగా తెలిసిన చివరి మనిషి ఆమె. ఆమె చెప్పినవాటిని నేను ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను గాని, వాటిలో ఏది నిజమో, ఏది చెప్పగా చెప్పగా మారిపోయిందో తేల్చుకోవాలంటే ప్రభుత్వ రికార్డులు చూడక తప్పదు.

మొదటివారు మా ముత్తాతగారు, అంటే మా మామ్మకు మామగారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పట్టాళంలో చేరి, యుద్ధం ముగిశాక ఇంటికి తిరిగివచ్చి, ఆపైన వ్యవసాయం చేసుకుంటూ బతికారు. ఆయనకు సైన్యం నుంచి పింఛను వచ్చేది కాదని అందరూ ఒకేమాటగా చెబుతారు. సైన్యంలో లారీ నడిపేవారని, 'మణిపూర్ రోడ్డు' అనే చోట చాలాకాలం ఉన్నారని, అక్కడి వానల గురించి, కొండ అంచున జారిపోయిన బళ్ళ గురించి చెప్పేవారని మామ్మ చెప్పింది. ఆయన ట్రంకు పెట్టెలో రెండు పతకాలు ఉన్నాయి. ఒకటి ఆరు కోణాల నక్షత్రం. రెండోది వెండిరంగులో గుండ్రంగా ఉంది. ఒకవైపు కిరీటం పెట్టుకున్న రాజు తల, రెండోవైపు ఏదో జంతువు మీద నిలబడిన సింహం. గుండ్రటి పతకం అంచు మీద ఇంగ్లీషు అక్షరాలు సన్నగా చెక్కి ఉన్నాయి. ప్రతి దసరాకీ చింతపండుతో తోమడం మా ఇంటి అలవాటు కాబట్టి అవి బాగా అరిగిపోయాయి. ఒక అంకె, తర్వాత 'సెప్' అన్న మూడక్షరాలు, తర్వాత ముత్తాతగారి పేరు, చివరన 'ఆర్.ఐ.ఏ.ఎస్.సి.' అని ఉన్నట్టు తోస్తోంది. అంకెలో రెండు స్థానాలు నాకు అంతుపట్టలేదు. ఆయన మద్రాస్ రెజిమెంటులో పనిచేసి ఉంటారని, ఆ రెజిమెంటు కేంద్రం ఉన్న నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌కు ఉత్తరం రాయమని మా బాబాయిగారు అంటున్నారు. రాయవచ్చునా?

రెండోవారు ఆ ముత్తాతగారికి పెదనాన్నగారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బస్రా (ఇప్పటి ఇరాక్‌లోని రేవు) వెళ్ళి తిరిగి రాలేదు. వచ్చిన కబురు ఏమిటో, అసలు కబురు వచ్చిందో లేదో ఎవరికీ స్పష్టంగా తెలియదు. ఆయన భార్య మాత్రం బతికినన్నాళ్ళూ బొట్టు తీయలేదట. ఊళ్ళో అందరూ ఆమెను బస్రా మామ్మ అనేవారు. ఆమె అసలు పేరు ఏమిటో కూడా ఇప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తోంది. ఈ ఇద్దరి గురించి ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ప్రార్థన.


జవాబు: సైనిక రికార్డుల విభాగంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారు, సికింద్రాబాద్

అమ్మా, ముందుగా ఆ పతకాలను చింతపండుతో తోమడం ఈ రోజుతో ఆపించండి. మీ ఇంట్లో కాగితం లేదని మీరు రాశారు గాని, ఆ అంచు మీది వరుసే మీ కాగితం. బ్రిటన్ తన సొంత సైనికులకు రెండో యుద్ధపు పతకాలను పేరు లేకుండానే ఇచ్చింది. భారత సైనికులకు ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం చెక్కించారు. ఆ వరుస అరిగిపోతే ఇక మీకు ఆధారమే ఉండదు. పతకాన్ని చీకటి గదిలో పెట్టి, టార్చిలైటును పక్కనుంచి బాగా ఏటవాలుగా వేసి, తిప్పుతూ ఫొటోలు తీయండి. పలుచని కాగితం చుట్టి మెత్తని పెన్సిల్‌తో మెల్లగా రుద్దినా అరిగిన అంకెలు కొంత తేలతాయి. నక్షత్రాన్ని కూడా వెనక్కి తిప్పి చూడండి, అక్కడా పేరు ఉండే అవకాశం ఉంది. ముందువైపు మధ్యలోని వలయంలో అది ఏ నక్షత్రమో రాసి ఉంటుంది. 'బర్మా స్టార్' అని ఉంటే మీ మామ్మగారి మాటకు అది గట్టి సాక్ష్యం, ఎందుకంటే 1941 డిసెంబరు 11కు, 1945 సెప్టెంబరు 2కు మధ్య ఆ రంగంలో పనిచేసినవారికే దాన్ని ఇచ్చారు. గుండ్రటిది వార్ మెడల్. యుద్ధకాలంలో 28 రోజుల సేవ ఉన్న ప్రతివారికీ అది వచ్చింది కాబట్టి దాన్నిబట్టి ఆయన ఎక్కడ పనిచేశారో చెప్పలేం.

ఇక వెల్లింగ్టన్ సంగతి. అక్కడికి రాయకండి. మద్రాసు రాష్ట్రం నుంచి వెళ్ళినవారంతా మద్రాస్ రెజిమెంటులోనే ఉండేవారని మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. కాని మద్రాసు పదాతి దళాలను మొదటి యుద్ధం తర్వాత ఒక్కొక్కటిగా రద్దు చేసి, రెండో యుద్ధం మధ్యలో గాని తిరిగి నిలబెట్టలేదు. మన జిల్లాల కుర్రవాళ్ళు ఎక్కువగా వెళ్ళింది మద్రాస్ శాపర్లలోకి (వంతెనలు, రోడ్లు కట్టే ఇంజనీరు దళం), సిగ్నల్స్‌లోకి (వార్తలు చేరవేసే దళం), ఆర్డ్నెన్స్‌లోకి (ఆయుధాల, సామగ్రి నిల్వల దళం), పయనీర్లలోకి (దారులు వేసే, మట్టిపని చేసే దళం), లారీల దళాల్లోకి. మీ పతకం మీది ఆర్.ఐ.ఏ.ఎస్.సి. అంటే రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. తిండిగింజలు, పెట్రోలు, మందుగుండు ముందు వరుసకు చేర్చే దళం అది. లారీలూ కంచరగాడిదలూ రెండూ దాని చేతిలోనే ఉండేవి. 'సెప్' అంటే సిపాయి. రిపబ్లిక్ వచ్చినప్పుడు 'రాయల్' అన్న మాట పోయి అది ఆర్మీ సర్వీస్ కోర్ అయింది, దాని దక్షిణ విభాగపు రికార్డుల కార్యాలయం బెంగళూరులో ఉంది. సైనికుల కాగితాలు ఢిల్లీలో ఒకేచోట పోగుపడి ఉండవు, ఏ దళం వారివి ఆ దళం దగ్గరే ఉంటాయి. మద్రాస్ శాపర్లవి బెంగళూరులో, ఫిరంగి దళానివి నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో, వైద్య దళానివి లక్నోలో, ఆర్డ్నెన్స్, ఈ.ఎం.ఈ. (యంత్రాలు, బళ్ళు మరమ్మతు చేసే) దళాలవి మా సికింద్రాబాద్‌లో ఉంటాయి. దళం తెలియకుండా రాసిన ఉత్తరం ఎక్కడో ఒక బల్ల మీద ఆగిపోతుంది.

ఇప్పుడు కొంచెం మనసు గట్టి చేసుకుని వినవలసిన మాట. పింఛను లేకుండా విడుదలైన సిపాయి సర్వీసు కాగితాలను 25 ఏళ్ళు దాటాక ధ్వంసం చేయవచ్చునని సైన్యం నియమావళిలో ఉంది. మీ ముత్తాతగారికి పింఛను లేదన్నారు కాబట్టి ఆయన ఫైలు చాలాకాలం కిందటే పోయి ఉంటుంది. అయితే ఫైలు పోయినంత మాత్రాన మనిషి పుస్తకాల్లోంచి పోడు. కార్యాలయాల్లో 'లాంగ్ రోల్' అనే పెద్ద రిజిస్టరు ఉంటుంది. దళంలో చేరిన ప్రతి మనిషికీ అందులో ఒక వరుస ఉంటుంది. నంబరు, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, కారణం వంటివి ఆ ఒక్క వరుసలో ఉంటాయి. కాగితాలు ధ్వంసం చేసిన తర్వాత కూడా దాన్ని ఉంచుతారు. అందుచేత మీ ఉత్తరంలో 'సర్వీసు రికార్డు ఇప్పించండి' అని అడగవద్దు. అలా అడిగితే 'గడువు తీరాక ధ్వంసం చేయబడినది' అన్న రెండు ముక్కల జవాబుతో వ్యవహారం ముగిసిపోతుంది. 'లాంగ్ రోల్‌లో ఫలానా నంబరు సిపాయి నమోదు నకలు ఇప్పించండి' అని ఆ మాటే వాడి అడగండి. ఎంతమంది పిల్లలు మొదటి జవాబు చూసి కాగితం మడిచి పెట్టెలో పెట్టేసుకున్నారో నేను ఉద్యోగంలో ఉండగా చూశాను. అందుకే ఇంత నొక్కి చెబుతున్నాను.

ఉత్తరంతో పాటు పతకాల ఫొటోలు, ఆయనకు మీరేమవుతారో తెలిపే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మీ గుర్తింపు పత్రం నకలు జతచేయండి. నంబరులో రెండు అంకెలు తేలకపోతే ఊహించి పూరించవద్దు, ఖాళీగానే చూపించండి. తండ్రి పేరు, ఊరు, తాలూకా తప్పక రాయండి. ఒకే పేరున్నవారిని విడదీసేవి అవే. మామూలు ఉత్తరానికి రెండు మూడు నెలల్లో జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దరఖాస్తు తప్పు కార్యాలయానికి వెళ్ళినా సరైన చోటికి పంపే బాధ్యతను ఆ చట్టంలోని సెక్షన్ 6(3) వారి మీదే పెట్టింది. వ్యక్తిగత సమాచారం అన్న అభ్యంతరం వస్తే, 20 ఏళ్ళు దాటిన విషయాలకు ఆ మినహాయింపు నిలవదని సెక్షన్ 8(3) చెబుతున్నట్టు అప్పీలులో మర్యాదగా గుర్తుచేయండి.

'మణిపూర్ రోడ్డు' అన్న మాట చూసి నాకు చాలా సంతోషమైంది. అది రోడ్డు పేరే కాదు, ఆ రోజుల్లో దిమాపూర్ రైల్వే స్టేషను పేరు కూడా అదే. రైల్లో వచ్చిన సరుకంతా అక్కడ దిగి, లారీల్లో కోహిమా మీదుగా ఇంఫాల్‌కు కొండల్లో 200 కిలోమీటర్లకు పైగా వెళ్ళేది. 1944 మార్చి ఆఖరులో జపాను సైన్యం ఆ దారిని తెంచింది. జూన్ 22న అది మళ్ళీ తెరుచుకుంది. మీ ముత్తాతగారు ఆ నెలల్లో అక్కడే ఉన్నారని ఇప్పుడే రాసుకోకండి. ఆయన పనిచేసిన కంపెనీ నంబరు దొరికాకే ఆ మాట అనగలం.


జవాబు: లండన్‌లో స్థిరపడిన తెలుగువారు, మొదటి ప్రపంచ యుద్ధంపై ఆసక్తి ఉన్నవారు

నమస్కారమండీ. సికింద్రాబాద్ పెద్దాయన చెప్పిన తర్వాత బర్మా గురించి నేను చేర్చేది ఒక్కటే. కంపెనీ నంబరు తెలిసిన రోజున ఇక్కడ లండన్‌లో క్యూ అనే చోట ఉన్న బ్రిటిష్ జాతీయ ఆర్కైవ్స్‌లో దాని యుద్ధ దినచర్య కోసం వెతకవచ్చు. ఆగ్నేయాసియా రంగంలోని దళాల దినచర్యలు అక్కడ డబ్ల్యు.ఓ. 172 అన్న వరుసలో ఉన్నాయి. అందులో సిపాయిల పేర్లు అరుదుగా తప్ప కనిపించవు గాని, ఏ రోజు కంపెనీ ఎక్కడ ఉన్నదో, ఎన్ని లారీలు కదిలాయో, వాన ఎలా కురిసిందో ఉంటుంది. మీ మామ్మగారి మాటలను పక్కన పెట్టి చదువుకోవడానికి అంతకంటే మంచి పుస్తకం లేదు.

నేను ముఖ్యంగా రాయదలచింది బస్రా గురించి. మా తల్లిగారి వైపు కూడా ఒకరు అలాగే వెళ్ళి రాలేదు కాబట్టి ఆ వెతుకులాట ఎంత కష్టమో నాకు తెలుసు. అక్కడికి వెళ్ళిన భారతీయుల్లో దాదాపు సగంమంది తుపాకి పట్టినవారు కారు. రేవుల్లో మోసినవారు, రైలుపట్టాలు వేసినవారు, పశువులను చూసుకున్నవారు, వంటవారు, డోలీ మోసినవారు. అందువల్ల మొదట తేల్చుకోవలసింది ఆయన సిపాయిగా వెళ్ళారా, శాపర్లలోనో పయనీర్లలోనో వెళ్ళారా, కూలీ దళంలో వెళ్ళారా అన్నది. ఇంట్లో 'పట్టాళం' అన్నారంటే ఆ మూడింటిలో ఏదైనా కావచ్చు.

రెండు యుద్ధాల్లో చనిపోయినవారి జాబితాలను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం నిర్వహిస్తుంది. వారి వెబ్‌సైటులో పేరుతో, దళంతో, తేదీతో వెతకవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. మెసపటేమియాలో, అంటే ఇప్పటి ఇరాక్‌లో పోయి, సమాధి తెలియనివారి స్మారకం బస్రా దగ్గర ఉంది. 1929లో ఆవిష్కరించిన ఆ కట్టడం మీద 40,000 మందికి పైగా స్మరణ ఉంది. అయితే ఆ ఫలకాల మీద బ్రిటిషు వారి పేర్లూ భారతీయ అధికారుల పేర్లూ చెక్కారే గాని, మామూలు భారతీయ సిపాయిల పేర్లు చెక్కలేదు. దళం పేరు వేసి, దాని కింద ఎంతమంది అన్న అంకె మాత్రం వేశారు. 2021లో ఆ సంఘమే ఒక నివేదిక వెలువరించి, ఈ అసమానత జరిగిందని ఒప్పుకుంది. మీ బస్రా మామ్మగారి భర్త ఆ అంకెల్లో ఒకరైతే, ఆయన పేరు రాతి మీద ఎప్పుడూ లేదు. ఆమెకు ఎవరూ చూపించగలిగి ఉండేవారు కాదు. ఇది తెలిసిన రోజు నేను చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. పేర్లు రిజిస్టర్లలో ఉంటాయి కాబట్టి రాతి మీద లేవని వెతకడం మానవద్దు. సంఘం లెక్కలో మొదటి యుద్ధం 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు. యుద్ధం ఆగిన తర్వాత జ్వరంతోనో కలరాతోనో పోయినవారు కూడా ఆ గడువులో ఉంటే చేరతారు, కనుక తేదీని 1918 దగ్గర ఆపేయకండి.

ఇంట్లో రెండు విషయాలు కనుక్కోండి. మొదటిది, మన అరచేతికంటే పెద్దదిగా, సుమారు 12 సెంటీమీటర్ల వెడల్పున, గుండ్రని కంచు పలక ఏదైనా బంధువుల ఇళ్ళలో ఉన్నదా? త్రిశూలం పట్టిన స్త్రీ, ఒక సింహం, చనిపోయినవారి పేరు దాని మీద ఉంటాయి. యుద్ధంలో మరణించినవారి కుటుంబాలకు పంపిన పలక అది. హోదా ఉండదు, పేరొక్కటే ఉంటుంది. అదేమిటో తెలియక ఏ జాడీ మీదో మూతగా వాడుతూ ఉండవచ్చు. రెండోది, బస్రా మామ్మగారికి ప్రభుత్వం నుంచి నెలకో ఏడాదికో డబ్బు వచ్చేదా? వచ్చేదంటే ఆయన మరణాన్ని సైన్యం లెక్కలోకి తీసుకున్నట్టే. అప్పుడు ఎక్కడో ఒకచోట తేదీ, దళం నమోదయి ఉంటాయి. బొట్టు తీయకపోవడం ఆమె సొంత నిర్ణయం. కబురు రాలేదనడానికి దాన్ని రుజువుగా తీసుకోలేం.

ఇంకొక హెచ్చరిక కూడా చేయాలి. చందా కట్టించుకుని మొదటి యుద్ధ సైనికుల సర్వీసు ఫైళ్ళు చూపించే వ్యాపార వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. అవి చూపించేవి బ్రిటిషు సైన్యం ఫైళ్ళు. వాటిలోనూ చాలాభాగం 1940 నాటి బాంబుదాడిలో కాలిపోయింది. భారతీయ సిపాయిల సర్వీసు ఫైళ్ళు ఆ లెక్కలో ఎప్పుడూ లేవు. కాబట్టి అక్కడ డబ్బు పోయకండి. పంజాబు వారికి ఊరివారీగా రాసిన రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో బయటపడ్డాయి, వాటిలో మూడు లక్షలకు పైగా పేర్లు ఉన్నాయి. మన వైపు వారికి అలాంటి దారి లేదు కాబట్టి ఇల్లు, ఊరు, దళం, ఈ మూడు వైపుల నుంచీ కొంచెం కొంచెంగా పోగుచేసుకోవలసిందే.


జవాబు: రెవెన్యూ శాఖలో పనిచేసి విరమించినవారు, భీమవరం

పై ఇద్దరూ సైన్యం వైపు నుంచి చెప్పారు. నేను ఊరి వైపు నుంచి కొంత చెబుతాను.

మీరు బస్రా వెళ్ళిన ఆయనను పశ్చిమ గోదావరి జిల్లా పేరుతో వెతికితే దొరకరు, ఎందుకంటే అప్పటికి ఆ జిల్లా లేదు. 1904 నుంచి 1925 దాకా తణుకు, నరసాపురం, భీమవరం, ఏలూరు ప్రాంతాలన్నీ కృష్ణా జిల్లాలో ఉండేవి. దాన్ని కూడా ఇప్పటిలా రాసేవారు కారు, 'కిస్ట్నా' అని రాసేవారు. ఏలూరు 'ఎల్లోర్', కాకినాడ 'కొకనాడా', విశాఖపట్నం 'విజగపటం'. ముత్తాతగారి దగ్గరికి వచ్చేసరికి పశ్చిమ గోదావరి ఏర్పడింది. అంటే ఒకే ఇంటి మనుషులు ఇద్దరు, ఒకే పెరట్లో పుట్టినా, రెండు జిల్లాలవారిగా నమోదయి ఉంటారు.

పేర్ల సంగతి ఇంతకంటే చిక్కు. మన మనిషి నోటితో చెబుతాడు, భాష రాని గుమాస్తా చెవికి తోచినట్టు రాస్తాడు. ఇంటిపేరు ఒక్కోసారి పూర్తిగా, ఒక్కోసారి పొడి అక్షరంగా, ఒక్కోసారి అసలు లేకుండా ఉంటుంది. అప్పలస్వామి అన్న పేరు చివర 'స్వామి'కి బదులు 'సామి' అని రాసినవి చూశాను. 'అప్పల' ఒక మాటగా, 'స్వామి' ఇంకొక మాటగా విడదీసి, రెండోదాన్ని ఇంటిపేరు అనుకున్నవీ చూశాను. వెంకట అన్న మాటను వీ తోనూ రాసేవారు, డబ్ల్యూ తోనూ రాసేవారు. కాబట్టి వెతికేముందు ఒక కాగితం మీద ఆ పేరును ఇంగ్లీషులో ఎన్ని విధాల తప్పు రాయవచ్చో అన్ని విధాలా రాసుకోండి. తండ్రి పేరుకూ అలాగే చేయండి.

మీ ముత్తాతగారి పొలంలో ప్రభుత్వం ఇచ్చిన ముక్క ఏదైనా ఉందా? యుద్ధం నుంచి వచ్చినవారికి బంజరు భూములు పట్టా ఇచ్చే పద్ధతి ఉండేది, ఊళ్ళల్లో ఇప్పటికీ వాటిని 'మిలిటరీ పట్టా' అంటారు. ఉంటే ఆ సర్వే నంబరు పట్టుకుని తహశీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంట్ ఫైలు అడగండి. అర్హత చూపడానికి డిశ్చార్జి పుస్తకం (సైన్యం నుంచి విడుదలైనప్పుడు ఇచ్చేది) నకలు అందులో పెట్టేవారు. నా ఉద్యోగకాలంలో అలాంటి ఫైళ్ళలో సైనికుల నంబరు, దళం, సేవాకాలం, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా చూశాను. సైన్యం దగ్గర ధ్వంసమైన కాగితానికి నకలు మన రెవెన్యూ కట్టల్లో బతికి ఉండడం ఆశ్చర్యమేమీ కాదు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలోని మాజీ సైనికుల రిజిస్టర్లు కూడా చూడమని అడగండి.

వీలైతే ఒక ఆదివారం తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం వెళ్ళండి. మిలిటరీ మాధవరమని పిలిచే ఆ ఊరినుంచి రెండు యుద్ధాలకూ మనుషులు వెళ్ళారు, ఇప్పటికీ వెళుతున్నారు. ఆ ఊరి పెద్దలకు పాత డిశ్చార్జి పుస్తకాలు, పతకాలు చేతిలో పట్టుకుని పెరిగిన అలవాటు ఉంది. మీ అంచు మీది రెండు అంకెలూ వారిలో ఎవరైనా మీకంటే బాగా చదవగలరు.


మళ్ళీ అడిగినవారు, అయిదు నెలల తర్వాత

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. జరిగింది జరిగినట్టు రాస్తాను, నాలాంటివారికి ఉపయోగపడుతుంది.

మాధవరంలో ఒక పెద్దాయన పతకాన్ని కిటికీ దగ్గర పెట్టి, గోటితో తడిమి, రెండు అంకెల్లో ఒకటి చెప్పారు. రెండోది మూడో ఎనిమిదో తేలలేదు. రెండూ రాసే ఉత్తరం పెట్టాను. నక్షత్రం వలయంలో 'బర్మా స్టార్' అనే ఉంది. మొదటి ఉత్తరానికి జవాబు రాలేదు. సమాచార హక్కు దరఖాస్తుకు మాత్రం 30 రోజులకు రెండు రోజుల ముందు వచ్చింది. మొదటి పేరాలో సర్వీసు కాగితాలు గడువు తీరాక ధ్వంసమయ్యాయని ఉంది. పెద్దాయన ముందే చెప్పకపోయి ఉంటే నేను అక్కడే ఆగిపోయేదాన్ని. రెండో పేరాలో లాంగ్ రోల్ వరుస ఉంది. రాజమండ్రిలో 1942 ఆగస్టులో చేరారు. 1946 నవంబరులో విడుదలయ్యారు. పేరులో రెండక్షరాలు తప్పు. తండ్రి పేరు సరిగ్గా ఉంది, ఊరు సరిగ్గా ఉంది. వృత్తి దగ్గర డ్రైవర్ అని ఉంది. కంపెనీ నంబరు మాత్రం లేదు.

ఆ కాగితం మా నాన్నగారికి చదివి వినిపించాను. చేరిన తేదీ విని ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టి, అప్పటికి తన తండ్రి, అంటే మా తాతగారు, నాలుగు నెలల పిల్లవాడని అన్నారు. తాతగారికి నాలుగేళ్ళు దాటేదాకా తండ్రి ఎలా ఉంటారో తెలియదన్నమాట. మామ్మ ఎన్నో చెప్పింది గాని ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

మిలిటరీ పట్టా మాకు లేదు. మా ముత్తాతగారి చెల్లెలి కుటుంబం వారికి ఒక అరెకరం ముక్క అలాంటిదే ఉందని తెలిసింది గాని, అది ఎవరి పేరున వచ్చిందో ఇంకా కనుక్కోవాలి.

బస్రా వెళ్ళిన ఆయన సంగతి తేలలేదు. కంచు పలక ఎవరి ఇంట్లోనూ లేదు. అయితే తొంభై ఏళ్ళు దాటిన దూరపు బంధువు ఒకావిడ, బస్రా మామ్మ ఏడాదికి రెండుసార్లు నరసాపురం వెళ్ళి వేలిముద్ర వేసి డబ్బు తెచ్చుకునేదని, వెళ్ళేటప్పుడు తోడుగా తన అన్నను తీసుకువెళ్ళేదని చెప్పారు. ఆమె పేరు కూడా చెప్పారు. మంగమ్మ. ఆ పేరు విన్నాక యుద్ధ సమాధుల సంఘం జాబితాలో మళ్ళీ వెతికాను. ఆయన పేరుకు దగ్గరగా మద్రాసు ప్రాంతం వారు ముగ్గురు కనబడ్డారు, ఒకరికి మాత్రమే తండ్రి పేరు రాసి ఉంది, అది మాది కాదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు పయనీరు, ఒకరు కూలీ దళం. ఇద్దరిలో ఎవరో ఎలా తేల్చుకోవాలి?


జవాబు: లండన్ నుంచి

చాలా దూరం వచ్చారండీ. ఆ ఇద్దరిలో ఒకరిని ఎంచుకోవడానికి ఇప్పుడు తొందరపడకండి, ముగ్గురిలో ఎవరూ కాకపోవచ్చు కూడా. ఏడాదికి రెండుసార్లు వేలిముద్ర వేసి తీసుకున్నారంటే అది ట్రెజరీ నుంచి వచ్చిన కుటుంబ పింఛనే అయి ఉండాలి. అప్పుడు వెతకవలసింది ఆయన పేరుతో కాదు, మంగమ్మగారి పేరుతో. ఆ కాలపు మద్రాసు ప్రభుత్వ రికార్డులు చెన్నైలో ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. సైనిక విభాగపు కాగితాలు ఢిల్లీ జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, వారి అభిలేఖ్ పటల్ వెబ్‌సైటులో కొన్ని ఇంట్లోనుంచే చూడవచ్చు. వేసవి సెలవుల్లో మీరు ఎగ్మూరు వెళ్ళగలిగితే, ఆ పయనీరు దళపు యుద్ధ దినచర్యలో ఆయన చనిపోయిన వారం ఏం జరిగిందో నేను ఇక్కడ క్యూలో చూసి నకలు పంపుతాను. ఆ దళం పేరు, మరణించిన తేదీ ఇక్కడ రాయండి.